ఒకే రేడియో స్టేషన్, రెండు రకాల గొంతులు

షికాగోలో డబ్ల్యూఎంఏక్యూ అని ఒక రేడియో స్టేషన్ ఉండేది. 1928 మార్చిలో అందులో ఒక కామెడీ సీరియల్ మొదలైంది. ఇద్దరు నల్లజాతి స్నేహితుల కథ అది. కానీ ఆ ఇద్దరి గొంతులూ తెల్లవాళ్ళవి. ఇరవై ఏళ్ళ తర్వాత, 1948 జూన్‌లో, అదే స్టేషన్ నుంచి ఇంకో ప్రోగ్రామ్ మొదలైంది. అది నల్లజాతి ప్రజల చరిత్ర. రాసింది ఒక నల్లజాతి రచయిత, గొంతులు ఎక్కువగా నల్లజాతి నటులవి. మొదటిదాన్ని అమెరికా మొత్తం విన్నది. రెండోదాని పేరు ఇప్పటికీ చాలామందికి తెలీదు.

నేను ఈ వ్యాసంలో ఆ రెండు ప్రోగ్రాముల గురించీ, వాటి మధ్య జరిగినదాని గురించీ రాస్తున్నాను. అమెరికా నల్లజాతి చరిత్ర అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ ఫోటో, ఆయన ఉపన్యాసం గుర్తొస్తాయి. స్కూల్లో ఒక లెసన్ కూడా ఉండేది. కానీ ఆ ఉపన్యాసానికి ముందు చాలా ఏళ్ళుగా ఒక పెద్ద గొడవ నడిచింది: మైకు ముందు ఎవరు నిలబడాలి, ఎవరి తరఫున ఎవరు మాట్లాడాలి అని. ఆ గొడవని మనం ఇప్పుడు చెవులతో వినొచ్చు, ఎందుకంటే దానిలో కొంత రికార్డింగుల్లో మిగిలి ఉంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1830ల నుంచి అమెరికాలో మిన్‌స్ట్రెల్ షో అనే వినోదం ఉండేది. తెల్ల నటులు కాల్చిన బెరడు మసి మొహానికి పూసుకుని, నల్లవాళ్ళలా వేషం కట్టి, వాళ్ళ మాటనీ నడకనీ వెక్కిరిస్తూ పాటలు పాడేవాళ్ళు. థామస్ రైస్ అనే నటుడు అలా వేసిన ఒక పాత్ర పేరు జిమ్ క్రో. తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని వేరుగా ఉంచే చట్టాలన్నిటికీ ఆ పాత్ర పేరే వచ్చింది. ఒక కామెడీ పాత్ర పేరు చివరికి ఒక చట్టవ్యవస్థకి పేరైందంటే, జోకు ఎంత దూరం వెళ్తుందో చూడండి.

రేడియో వచ్చాక ఆ మసి కూడా అక్కర్లేకపోయింది. గొంతు మారిస్తే చాలు.

ఫ్రీమన్ గాస్డెన్ వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి వచ్చాడు, చార్ల్స్ కొరెల్ ఇల్లినాయ్‌లోని పియోరియా నుంచి వచ్చాడు. ఇద్దరూ తెల్లవాళ్ళు. 1926లో డబ్ల్యూజీఎన్ అనే ఇంకో షికాగో స్టేషన్‌లో 'శామ్ ఎన్ హెన్రీ' అనే సీరియల్ చేశారు. తర్వాత డబ్ల్యూఎంఏక్యూకి మారి, పేర్లు మార్చి, 'ఏమస్ ఎన్ ఆండీ' మొదలుపెట్టారు. ఏమస్, ఆండీ ఇద్దరూ జార్జియా నుంచి పని వెతుక్కుంటూ నగరానికి వచ్చినవాళ్ళు. పైకప్పు లేని ఒక డొక్కు కారుతో ఫ్రెష్ ఎయిర్ టాక్సీ కంపెనీ పెడతారు. ఏమస్ కష్టపడతాడు, ఆండీ బద్ధకంగా పెద్ద కబుర్లు చెప్తాడు. రోజుకి 15 నిమిషాలు. మొదట్లో పాత్రలన్నిటికీ ఈ ఇద్దరే గొంతు మార్చి మార్చి చెప్పేవాళ్ళు. మన మిమిక్రీ ఆర్టిస్టుల్లా అన్నమాట.

మన బ్రాంచి వాళ్ళకి నచ్చే విషయం ఒకటి. దేశవ్యాప్త నెట్‌వర్క్ చేతికి రాకముందే వీళ్ళు ఎపిసోడ్లని ముందుగా డిస్కుల మీద రికార్డ్ చేసి, వేరే ఊళ్ళ స్టేషన్లకి పంపించేవాళ్ళు. అక్కడివాళ్ళు చెప్పిన రోజున ఆ డిస్కు వేస్తారు. నెట్‌వర్క్ వైరు లేకుండానే నెట్‌వర్క్! ఇప్పుడు మనం కంటెంట్‌ని వేరువేరు సర్వర్లలో ముందే పెట్టి ఉంచడం లాంటిదే. 1929 ఆగస్టులో ఎన్‌బీసీ నెట్‌వర్క్ దీన్ని తీసుకుంది, స్పాన్సర్ పెప్సొడెంట్ టూత్‌పేస్ట్. పీక్‌లో ఉన్నప్పుడు శ్రోతలు దాదాపు 4 కోట్లు అని అంచనా. అప్పటి అమెరికా జనాభా 12 కోట్ల పైచిలుకు. సినిమా హాళ్ళలో ఈ ప్రోగ్రామ్ టైముకి బొమ్మ ఆపేసి, లౌడ్‌స్పీకర్లో రేడియో వినిపించేవాళ్ళట. లేకపోతే జనం హాలుకి రారు కదా మరి.

దీన్ని వింటే ఏమనిపిస్తుంది? నేను కొన్ని ఎపిసోడ్లు విన్నాను. కథ నడిపించడంలో వాళ్ళు నిజంగానే మంచి పనివాళ్ళు. రేపు ఏమవుతుందో అనే ఆత్రం బాగా పుట్టిస్తారు. ఏమస్ మంచివాడు, అతని మీద జాలి కలుగుతుంది. కానీ నవ్వు ఎక్కడ పుడుతోందో జాగ్రత్తగా వింటే తెలుస్తుంది: పెద్ద పెద్ద ఇంగ్లీష్ మాటలు తప్పుగా పలకడంలో, లెక్కలు రాకపోవడంలో, సంతకం ఎక్కడ పెట్టాలో తెలీకపోవడంలో. అంటే పాత్రలు మంచివాళ్ళే, కానీ వాళ్ళ భాషే జోకు.

నల్లజాతి శ్రోతలందరూ దీన్ని ఒకేలా తీసుకోలేదు, అది కూడా ఒప్పుకోవాలి. ఇష్టంగా విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 1931లో ఒక విచిత్రం జరిగింది. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి వారపత్రిక ఎడిటర్ రాబర్ట్ వాన్, ఈ ప్రోగ్రామ్‌ని ఆపేయాలని 10 లక్షల సంతకాల ఉద్యమం మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో షికాగో డిఫెండర్ అనే ఇంకో నల్లజాతి పత్రిక, తను పిల్లలకి ఏటా పెట్టే పెద్ద పిక్నిక్‌కి గాస్డెన్‌నీ కొరెల్‌నీ అతిథులుగా పిలిచింది. పిల్లలు చుట్టూ చేరి కేరింతలు కొట్టారు. ఒకే సంవత్సరం, రెండు పత్రికలు, ఒకటి సంతకాలు, ఒకటి సన్మానం. డిఫెండర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సంతకాల ఉద్యమం ప్రోగ్రామ్‌ని ఆపలేకపోయింది. రేడియోలో అది ఏదో ఒక రూపంలో 1960 దాకా నడిచింది.

ఇంతలో అదే షికాగోలో, చాలా చిన్న స్టేషన్‌లో, వేరే పని మొదలైంది. డబ్ల్యూఎస్‌బీసీ అనే ఆ స్టేషన్ పేరులోని అక్షరాలు ఒక బ్యాటరీ కంపెనీవి. బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళకి గంటల లెక్కన టైము అమ్మేవాళ్ళు. అక్కడ 1929 నవంబర్‌ 3న జాక్ ఎల్. కూపర్ అనే నల్లజాతి కళాకారుడు 'ది ఆల్ నీగ్రో అవర్' మొదలుపెట్టాడు. ఆ మాట ఆ కాలంలో వాడుకలో ఉన్నది, ఇప్పుడు వాడరు. కూపర్ స్టేషన్ దగ్గర టైము కొని, దాన్ని తనే యాడ్‌లకి అమ్ముకునేవాడు. మొదట్లో పాటలు, స్కిట్లు లైవ్‌లో చేయించాడు. తర్వాత గ్రామఫోన్ రికార్డులు వేస్తూ మధ్యలో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఈ రోజు మనం ఆర్జే అని పిలిచే ఉద్యోగాన్ని మొట్టమొదట చేసినవాళ్ళలో అతనొకడు. 1938 నుంచి తప్పిపోయిన వాళ్ళని వెతికి కలిపే ప్రోగ్రామ్ కూడా నడిపాడు.

తప్పిపోవడం ఏంటి అంటే, అది ఆ కాలపు పెద్ద కథ. 1910 నుంచి 1970 మధ్యలో దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది పత్తి చేలు వదిలేసి ఉత్తరాది, పశ్చిమ నగరాలకి వలస వెళ్ళారు. షికాగోలో 1910లో 44 వేలమంది ఉన్న నల్లజాతి జనాభా 1950కి 4 లక్షల 90 వేలు దాటింది. అన్న ఒక ఊళ్ళో, చెల్లెలు ఇంకో ఊళ్ళో, ఉత్తరం రాయడం చాలామందికి రాదు. అలాంటప్పుడు రేడియోలో పేరు చదవడం అంటే మామూలు విషయం కాదు.

కూపర్ మైకు ముందు చాలా శుద్ధమైన, పుస్తకంలాంటి ఇంగ్లీష్ మాట్లాడేవాడు. ఎందుకో ఊహించొచ్చు. ఊరంతా ఏమస్ ఎన్ ఆండీ యాసకి నవ్వుతుంటే, ఒక్క మాట తప్పు పలికినా జోకైపోతాం అని భయం ఉంటుంది కదా. 1945 ప్రాంతంలో అల్ బెన్సన్ వచ్చాడు. మిసిసిపీ మనిషి, అసలు పేరు ఆర్థర్ లీనర్, మొదట చర్చి ఉపదేశకుడు. అతను తన ఊరి యాసలోనే, మాటలు నమిలేస్తూ, తడబడుతూ మాట్లాడేవాడు. మిసిసిపీ నుంచి వచ్చి కబేళాల్లో, స్టీలు మిల్లుల్లో పనిచేసే జనానికి అది ఇంట్లో మనిషి గొంతులా వినిపించింది. కొన్నాళ్ళకి షికాగోలో అతనే స్టార్. చదువుకున్న నల్లవాళ్ళు కొందరు మాత్రం సిగ్గుపడ్డారు, ఇతను మన పరువు తీస్తున్నాడని.

ఇక్కడ నేను వినడం ఆపి కాసేపు ఆలోచించాను. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాస అంటే కమెడియన్‌కో రౌడీకో, రాయలసీమ యాస అంటే కత్తి పట్టుకున్నవాడికి. హీరో మాత్రం ఏ ఊరివాడైనా ఒకటే తెలుగు మాట్లాడతాడు. ఇప్పుడు కొంచెం మారింది. ఇంక మా ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ సంగతి చెప్పక్కర్లేదు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ముందు నేర్పేది మాట కాదు, యాక్సెంట్. అందుకే కూపర్‌నీ నేను తప్పు పట్టలేను, బెన్సన్‌నీ తప్పు పట్టలేను. ఎదుటివాడి నవ్వుని ఒకడు అలా ఎదుర్కొన్నాడు, ఇంకొకడు ఇలా.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. రిచర్డ్ డరమ్. 1917లో మిసిసిపీలోని రేమండ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో కుటుంబం షికాగోకి వలస వచ్చింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం రచయితలకి పని ఇవ్వడానికి పెట్టిన ఒక ప్రాజెక్టులో రేడియో స్క్రిప్టులు రాయడం నేర్చుకున్నాడు. షికాగో డిఫెండర్‌లో విలేఖరిగా చేశాడు. 'హియర్ కమ్స్ టుమారో' అనే సీరియల్ రాశాడు, నల్లజాతి కుటుంబం కథతో వచ్చిన తొలి రేడియో సీరియల్ అని దానికి పేరు.

1948 జూన్ 27, ఆదివారం. డబ్ల్యూఎంఏక్యూలో అతని 'డెస్టినేషన్ ఫ్రీడమ్' మొదలైంది. మొదట్లో కొన్ని వారాలు స్పాన్సర్ ఎవరో తెలుసా? షికాగో డిఫెండర్. 1931లో ఏమస్ ఎన్ ఆండీని పిక్నిక్‌కి పిలిచిన పత్రికే. పదిహేడేళ్ళలో ఒక పత్రిక ఎంత దూరం వచ్చిందో ఇంతకన్నా బాగా ఏ హిస్టరీ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఆ వేసవిలో ఇంకేం జరుగుతోందో కూడా చూడండి. ఇల్లు నల్లవాళ్ళకి అమ్మకూడదు అని రాసుకునే ఒప్పందాలని కోర్టులు అమలు చేయకూడదని మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. జులై 26న సైన్యంలో జాతుల్ని వేరుచేయడం ఆపాలని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చాడు. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది కూడా అదే 1948లో, డిసెంబర్ 1న. కాలం లెక్క అందడానికి చెప్తున్నాను, వేరే సంబంధం ఏమీ లేదు.

డెస్టినేషన్ ఫ్రీడమ్ ప్రతి ఆదివారం పొద్దున అరగంట నాటకం. వారానికి ఒక మనిషి కథ. మొదటి ఎపిసోడ్ క్రిస్పస్ అటక్స్ గురించి. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో చనిపోయిన నల్లజాతి నావికుడు, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో మొదట నేలకొరిగిన వాళ్ళలో ఒకడు. తర్వాత హ్యారియెట్ టబ్‌మన్, ఫ్రెడరిక్ డగ్లస్, సోజర్నర్ ట్రూత్, ఐడా బి. వెల్స్, హైతీ విప్లవ నాయకుడు టూసాంట్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, జాకీ రాబిన్‌సన్. 1950 ఆగస్టు దాకా, రెండేళ్ళలో, డరమ్ రాసిన స్క్రిప్టులు 91. వారానికి ఒక అసైన్‌మెంట్ సబ్మిట్ చేయడానికే మనకి ఎన్ని ఎక్స్‌టెన్షన్లు కావాలో తలుచుకోండి.

కథల లిస్టు చూస్తే మహానుభావుల జీవితచరిత్రల్లా అనిపిస్తాయి. వింటే అలా ఉండవు. డెన్మార్క్ వీసీ కథే తీసుకోండి. సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో బానిస. 1799లో లాటరీలో 1500 డాలర్లు గెలిచాడు, అందులో 600 కట్టి తన స్వేచ్ఛని తనే కొనుక్కున్నాడు. వడ్రంగి పని చేసుకుని హాయిగా బతకొచ్చు. కానీ 1822లో బానిసల తిరుగుబాటుకి పథకం వేశాడని పట్టుకుని ఉరితీశారు. ఈ మనిషిని 1948లో, ఆదివారం పొద్దున, ఎన్‌బీసీ వాళ్ళ స్టేషన్‌లో హీరోగా చూపించడం చిన్న విషయం కాదు. అప్పటి సినిమాల్లో బానిస అంటే నమ్మకంగా పడి ఉండేవాడు, యజమాని కోసం ఏడ్చేవాడు. డరమ్ పాత్రలు ఎవరి దయా అడగవు. కోపంగా ఉంటాయి, తెలివిగా ఉంటాయి, జోకులు కూడా వేస్తాయి, కానీ ఆ జోకు వాళ్ళ మీద కాదు.

టెక్నిక్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన క్లబ్బులో నాటకాలు రాసేవాళ్ళు ఉన్నారు. రేడియో నాటకంలో తెర లేదు, వేషం లేదు. ఉన్నవి నాలుగే: మాట, సంగీతం, చప్పుడు, నిశ్శబ్దం. డరమ్‌కి కథ ఎవరు చెప్తున్నారు అన్నది చాలా ముఖ్యం. ఆర్మ్‌స్ట్రాంగ్ ఎపిసోడ్ పేరే 'ది ట్రంపెట్ టాక్స్', అంటే ట్రంపెట్ మాట్లాడుతుంది. జాకీ రాబిన్‌సన్ ఎపిసోడ్ పేరు కోల్‌రిడ్జ్ పద్యానికి పేరడీ, 'ది రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ డాడ్జర్'. రాబిన్‌సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులోకి దిగి, పెద్ద లీగ్ బేస్‌బాల్‌లో ఆ కాలపు రంగుగోడని దాటిన ఆటగాడు. అతని కథని ఒక బ్రూక్లిన్ ఫ్యాన్ ప్రాసలతో పద్యంలా చెప్తాడు. ఆ ఫ్యాన్‌గా మాట్లాడింది స్టడ్స్ టెర్కెల్. తర్వాత సామాన్యుల జ్ఞాపకాలని రికార్డ్ చేసి పుస్తకాలుగా వేసి పులిట్జర్ తెచ్చుకున్న పెద్దమనిషి ఆయనే. టెర్కెల్ తెల్లవాడు. అంటే ఇరవై ఏళ్ళ క్రితం ఈ స్టేషన్‌లో తెల్ల నటులు నల్లవాళ్ళ గొంతు దొంగిలిస్తే, ఇప్పుడొక తెల్ల నటుడు నల్లజాతి రచయిత రాసిన మాటల్ని తెల్లవాడిగానే పలికాడు. నాకు ఈ తేడా చాలా పెద్దది అనిపించింది. ఎవరు మాట్లాడారు అన్నదొక్కటే కాదు, ఎవరు రాశారు, ఎవరి మాట చెల్లింది అన్నది కూడా చూడాలి.

నటుల్లో ఆస్కార్ బ్రౌన్ జూనియర్ తర్వాత గాయకుడిగా, పాటల రచయితగా పేరు తెచ్చుకున్నాడు. ఇంకో నటి జానిస్ కింగ్స్‌లో. ఆమె చాలా తెల్లగా ఉండేది. హాలీవుడ్ వాళ్ళు పేరు మార్చుకుని తెల్ల అమ్మాయిలా నటించమని, తన జాతి ఎవరికీ చెప్పొద్దని అడిగితే కుదరదు అంది. 1950లో ఒక పత్రికలో ఆ సంగతి తనే రాసింది. మొహం కనపడే సినిమాలో ఆమె తనలా ఉండడానికి వీల్లేదు, మొహం కనపడని రేడియోలో మాత్రం తనలా ఉండొచ్చు. ఏమస్ ఎన్ ఆండీ విషయంలో రేడియో చేసిన మోసానికి ఇది పూర్తిగా తిరగేసిన లెక్క.

మరి డబ్ల్యూఎంఏక్యూ ఏదైనా రాసుకోమందా? లేదు. స్క్రిప్టులు ముందే స్టేషన్ వాళ్ళు చదివేవాళ్ళు, మాటలు తీసేయమనేవాళ్ళు, మెత్తగా చేయమనేవాళ్ళు. డరమ్ వాదించేవాడు, కొన్ని నెగ్గేవాడు, కొన్ని ఓడేవాడు. 1831లో బానిసల తిరుగుబాటు నడిపిన నాట్ టర్నర్ కథ, అప్పటికే ప్రభుత్వం కంట్లో పడిన గాయకుడు పాల్ రోబ్‌సన్ కథ గాలిలోకి వెళ్ళలేదు. అందుకేనేమో అతను ఎక్కువగా చనిపోయినవాళ్ళ కథల్లో బతికున్నవాళ్ళ కోపాన్ని దాచి పెట్టాడు. వంద ఏళ్ళ కిందటి బానిస మాట్లాడుతున్నాడనుకుని మేనేజర్ ఊరుకుంటాడు. వింటున్న షికాగో కార్మికుడికి మాత్రం అది తన ఇంటి ఓనర్ గురించే అని అర్థమైపోతుంది.

1950 జూన్‌లో కొరియా యుద్ధం వచ్చింది, కమ్యూనిస్టుల భయం ముదిరింది. ఆగస్టుతో డరమ్ పని అయిపోయింది. ఆ శరదృతువులో ఎన్‌బీసీ అదే 'డెస్టినేషన్ ఫ్రీడమ్' అనే పేరు ఉంచుకుని, స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రెవియర్‌ని కథకుడిగా పెట్టి, మామూలు దేశభక్తి కథలు వేసింది. పేరు అతనిది, మనిషి లేడు. హక్కుల కోసం డరమ్ తర్వాత కోర్టుకెక్కాడు. ఆ తర్వాత కబేళా కార్మికుల యూనియన్‌లో పనిచేశాడు, పత్రిక నడిపాడు, మొహమ్మద్ అలీతో కలిసి 1975లో వచ్చిన అలీ ఆత్మకథ రాశాడు (ఆ పుస్తకానికి ఎడిటర్ టోనీ మోరిసన్). షికాగో తొలి నల్లజాతి మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్‌కి ఉపన్యాసాలు రాసిపెట్టాడు. 1984లో చనిపోయాడు.

ఇదంతా మనం ఎలా వినగలుగుతున్నాం? అప్పట్లో రేడియో అంటే లైవ్. ఎవరైనా పనిగట్టుకుని డిస్కు కోస్తే తప్ప గొంతు గాల్లో కలిసిపోతుంది. కోయడం అన్నమాట నిజంగానే వాడాలి: అల్యూమినియం పళ్ళెం మీద లక్కలాంటి పూత, దాని మీద సూదితో గాడి కోస్తారు. 16 అంగుళాల డిస్కు, నిమిషానికి 33⅓ తిరుగుళ్ళు, ఒక వైపు దాదాపు 15 నిమిషాలు. అరగంట నాటకానికి రెండు వైపులు. ఏళ్ళు గడిస్తే ఆ పూత ఎండి, పగిలి, పెచ్చులుగా ఊడిపోతుంది. ఒక్కసారి ఊడిందా, ఏ అల్గారిదమ్ కూడా వెనక్కి తేలేదు. నాయిస్ తీసేయొచ్చు కానీ లేని సిగ్నల్‌ని పుట్టించలేం. డెస్టినేషన్ ఫ్రీడమ్ ఎపిసోడ్లు చాలావరకు ఇలా మిగిలినవే, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా వినొచ్చు. డరమ్ కాగితాలు షికాగో పబ్లిక్ లైబ్రరీలో, వివియన్ హార్ష్ అనే నల్లజాతి లైబ్రేరియన్ పేరు మీద ఉన్న సేకరణలో ఉన్నాయి.

వినాలనుకుంటే నా సలహా: ముందు ఏమస్ ఎన్ ఆండీ ఒక్క ఎపిసోడ్ వినండి, నవ్వొస్తే నవ్వండి, ఎక్కడ నవ్వారో గుర్తుపెట్టుకోండి. వెంటనే టబ్‌మన్ ఎపిసోడ్ 'రైల్వే టు ఫ్రీడమ్' పెట్టండి. మొదట ఒక పాత బానిసల భక్తిగీతం వస్తుంది, అదే ప్రోగ్రామ్ థీమ్ పాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, వెనక గీతల చప్పుడుకి రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడిపోతుంది. ఇంగ్లీష్ నెమ్మదిగా, స్పష్టంగానే ఉంటుంది.

షికాగో కథ ఇంతే. కానీ 1948 తర్వాత దక్షిణాదిలో రేడియో వేరే దారి పట్టింది. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అనే స్టేషన్ నష్టాల్లో ఉంటే, తెల్ల ఓనర్లు ఇద్దరు 1948 అక్టోబర్‌లో నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి హైస్కూల్ టీచర్‌ని మైకు ముందు కూర్చోబెట్టారు. ఆదర్శం కన్నా వ్యాపారమే కారణం. శ్రోతలు వెల్లువలా వచ్చారు, ఏడాది తిరిగేసరికి స్టేషన్ మొత్తం నల్లజాతి ప్రోగ్రాములే. 250 వాట్ల స్టేషన్ 1954లో 50,000 వాట్లయింది. బి.బి. కింగ్ పేరులోని ఆ రెండు 'బి'లు కూడా అక్కడ ఆర్జేగా చేసినప్పుడు వచ్చినవే. అట్లాంటాలో 1949లో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంట్ డబ్ల్యూఈఆర్‌డీని కొని, దేశంలో తొలి నల్లజాతి రేడియో ఓనర్ అయ్యాడు. తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆఫీసు కూడా అదే బిల్డింగులో, కింది అంతస్తులో ఉండేది. ఆయన ఏదైనా ప్రకటన చేయాలంటే చీపురు కర్రతో పైకప్పు మీద కొట్టేవాడనీ, పైనుంచి కిటికీలోంచి మైకు కిందికి దించేవాళ్ళనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఇక 1963, అలబామాలోని బర్మింగ్‌హామ్. పెద్దవాళ్ళు ఊరేగింపులో నడిస్తే ఉద్యోగాలు పోతాయి, అందుకని స్కూలు పిల్లల్ని దింపాలని ఉద్యమం వాళ్ళు నిర్ణయించారు. పోలీసులకి తెలీకుండా వేలమంది పిల్లలకి కబురు ఎలా చేరుతుంది? ఊళ్ళో షెల్లీ స్టీవార్ట్, టాల్ పాల్ అనే ఇద్దరు ఆర్జేలు ఉన్నారు, పిల్లలకి వాళ్ళంటే పిచ్చి. పాటల మధ్యలో వాళ్ళు గబగబా చెప్పారు: గురువారం పార్కులో పెద్ద పార్టీ ఉంది, భోజనం కూడా పెడతారు, టూత్‌బ్రష్ తెచ్చుకోండి అని. తెల్ల అధికారులు ఎవరైనా విన్నా అది రేడియోవాడి వాగుడే. పిల్లలకి మాత్రం అర్థమైంది: పార్టీ అంటే ఊరేగింపు, భోజనం అంటే జైలు భోజనం, టూత్‌బ్రష్ అంటే ఆ రాత్రి ఇంటికి రావడం ఉండదు. మే 2 పొద్దున వెయ్యిమందికి పైగా క్లాసులు ఎగ్గొట్టారు. కొందరు స్కూలు గోడలు దూకి వచ్చారు. పదహారో వీధి బాప్టిస్ట్ చర్చి తలుపులు తెరిచి గుంపులు గుంపులుగా, పాటలు పాడుకుంటూ బయటికి నడిచారు. వందలమందిని అరెస్ట్ చేశారు. వ్యాన్లు సరిపోక స్కూలు బస్సులు తెప్పించారు.